గిన్నె తెచ్చుకోండి

మా కూరల అంగట్లో వంట మా ఇంటామెది. కట్టడం నాది. ఇంకో పని నాకు రాదు. కూరలో ఉప్పు చూడమనాలన్నా ఆమె నన్ను అడగదు, పక్కింట్లో అడుగుతుంది.

అంతకుముందు నేను లారీ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. అది మూతపడ్డాక కోయిలకుంట్ల బస్టాండు నుంచి మార్కెట్టుకు పోయే దారిలో ఉన్న మా ఇంటి వసారాలో ఈ అంగడి పెట్టాం. రెండు పూటలా తెరుస్తాం. ఆదివారం మాత్రం పొద్దున చర్చి అయ్యాకనే.

కట్టడం అంటే తేలిక పని అనుకుంటారు. కాగే సాంబారును పల్చటి కవర్లో పొయ్యాలి. పైన కొంచెం గాలి పట్టాలి. గాలి తక్కువైతే సాంబారు ముడి దాకా ఎగదన్నుతుంది. ఎక్కువైతే సంచిలో దేనికో ఒకదానికి తగిలి పగులుతుంది. రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి, మూడో మెలిక కిందనుంచి దోపాలి. కవరు బుంగలాగా నిలబడాలి. ఒకసారి ఒకాయన నేను కట్టిన సాంబారును సైకిలు హ్యాండిలుకు తగిలించుకొని పోతూ మార్కెట్టు మలుపులో పడ్డాడు. మోచెయ్యి పగిలింది, కవరు పగల్లేదు. మరుసటి రోజు చేతికి కట్టుతో వచ్చి ఆ మాట నలుగురిలో చెప్పాడు. నాకు జరిగిన సన్మానం అదొక్కటే.

మా పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉంటుంది. మాకు చుట్టం కాదు గానీ అందరూ అట్లాగే పిలుస్తారు, నేనూ అట్లాగే పిలుస్తాను. పాలమ్ముకొని బతుకుతుంది. మజ్జిగ పులుసుకు పెరుగు మేం ఆమె దగ్గరే పోయించుకుంటాం. పోయిన ఎండాకాలం ముందు ఆమె ఎనుము మేత మానేసింది. నెమరు లేదు. కడుపు ఎడమ పక్కన ఉబ్బి, తడితే డప్పులాగా మోగుతోంది. పశువుల డాక్టరు వచ్చి చూసి, కోసి తియ్యాల్సిందే అన్నాడు. పట్టుకునేదానికి మగవాళ్లు కావాలంటే వీధిలో ఉన్నవాళ్లం పోయాం. నాకు తోక ఇచ్చారు.

డాక్టరు సూది వేసి, ఎడమ డొక్క కోసి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. తీస్తూనే ఉన్నాడు. కవర్లు, కవర్లలో కవర్లు, ఒక గోనెసంచి ముక్క, చీర కొంగులాగా పొడుగ్గా సాగిన ఇంకో కవరు. కుప్ప మోకాలి ఎత్తు అయ్యింది. అప్పుడు ఒకటి చిన్నది, మూతి కట్టి ఉన్నది వచ్చింది. డాక్టరు దాన్ని వెలుతురులో పట్టుకొని చూశాడు.

“ఇంత లోపల నానినా ఈ ముడి ఊడలేదు చూడండి” అన్నాడు.

“ఊడదు సార్” అన్నాను నేను.

అలవాటు కొద్దీ అన్నాను. కాళ్లు పట్టుకున్నవాళ్లు, తాడు పట్టుకున్నవాళ్లు, అందరూ నా వైపు తిరిగారు. పెద్దమ్మ ఎనుము తల ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంది. ఆమె కూడా చూసింది.

“నీదేనా నాయనా?” అంది.

“నాదే పెద్దమ్మా.”

“తోక గట్టిగా పట్టుకో, కదుల్తాండాది” అంది.

మా ఇంటామె గోడ అవతల నిలబడి ఇదంతా చూసింది. ఇంటికొచ్చాక అన్నం పెట్టింది, తిన్నాను. తెల్లారి అంగడి తెరిస్తే మేకుకు వేలాడే కవర్ల కట్టలు లేవు. రబ్బరు బ్యాండ్ల డబ్బా కూడా లేదు.

“కవర్లు యాడ?” అన్నాను.

“అటక మీద.”

“ఎందుకు?”

“ఎనుము లేచి నిలబడిందంట. రెండు పరకలు గడ్డి కూడా తినిందంట.”

“మంచిదే కదా.”

“మంచిదే. కవర్లు మాత్రం అటక మీదనే ఉంటాయి.”

ఆమె తాలింపు పెట్టుకోవడానికి పోయింది. నా ఉద్యోగం రెండోసారి మూతపడింది.

మొదట ఆకులతో మొదలుపెట్టాం. రాజంపేట దగ్గర మా బావమరిదికి అరటి తోట ఉంది. అతను ఆకులు చుట్టగా కట్టి బస్సులో వేసి పంపేవాడు. మా ఇంటామె ఒక్కో ఆకును పొయ్యి సెగ మీద అటూ ఇటూ తిప్పి నాకిచ్చేది. సెగ తగిలితే ఆకు మెత్తబడుతుంది, మడిస్తే చీలదు. కట్టడానికి అరటి నార. నేను అలవాటు ప్రకారం మెలిపెట్టాను, నార తెగింది. రబ్బరు లాగితే సాగుతుంది, నార సాగదు. దానికి నా మీద గౌరవం లేదు. మూడు నాలుగు రోజులకు ఆ ముడి పట్టుబడింది. బెండకాయ వేపుడు, గోరుచిక్కుడు, వంకాయ, ఇవన్నీ ఆకులో బాగానే పోయేవి. వాసన కూడా బాగుండేది, అది నేనే ఒప్పుకుంటాను.

పప్పు, పులుసు, సాంబారు దగ్గర ఆకు ఆగిపోయింది. ఎండలు ముదిరేకొద్దీ ఆకు కూడా బస్సు దిగేసరికే వాడి, అంచులు చీలి వస్తోంది. బావమరిది ఆకులతో పాటు ఒక గెల కూడా పంపాడు. ఆ గెల మాత్రం ఏమీ కాకుండా వచ్చింది.

ఆ వారంలోనే కర్నూలు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. కాగితం డబ్బాలు అమ్మేవాడు. లేత రంగు ప్యాంటు, టక్ చేసుకున్న చొక్కా, పెద్ద బ్యాగు. మేం ప్లాస్టిక్ మానేశామని బస్టాండులో ఎవరో చెప్పారంట. డబ్బా తీసి మా ఇంటామె చేతికిచ్చాడు.

“లోపల ప్లాస్టిక్ పూత అసలు లేదమ్మా. మట్టిలో వేస్తే మట్టిలో కలిసిపోతుంది.”

“సాంబారుకు ఆగుతుందా నాయనా?”

“దేనికైనా ఆగుతుందమ్మా.”

ఆ రోజు ఉలవచారు ఉంది. పొయ్యి మీదనే ఉంది. ఆమె ఒక గరిటె డబ్బాలో పోసి, మూత పెట్టి, తిరిగి అతని చేతికే ఇచ్చింది. “అయితే కాసేపు ఒళ్లో పెట్టుకొని కూర్చో. టీ పెడతా” అంది. అతను నవ్వి కూర్చున్నాడు. నాతో కర్నూలు ఎండల గురించి చెప్పాడు, వాళ్ల పాప బడిలో చేరిన సంగతి చెప్పాడు. టీ వచ్చింది. సగం గ్లాసు తాగి మాట ఆపేశాడు.

“కలిసిపోతాందమ్మా” అన్నాడు.

అతనికి నా లుంగీ ఇచ్చాం. మా ఇంటామె ప్యాంటు పిండి తీగ మీద ఆరేసింది. మా వైపు ఎండకు అది అన్నం తినేలోపల ఆరుతుంది. అతను లుంగీతోనే కూర్చొని మా వసారాలో అన్నం తిన్నాడు, ఆ ఉలవచారుతోనే. చెయ్యి కడుక్కుంటూ నిజం చెప్పాడు. “సాంబారుకు స్టీలు గిన్నెను మించింది లేదమ్మా. కానీ నేను స్టీలు అమ్మను.” ప్యాంటు మీద మరక మాత్రం పూర్తిగా పోలేదు. ఆ అబ్బాయి మంచివాడు, కూరలు కూడా కట్టించుకొని పోయాడు. ఆకులో.

ఆ సాయంత్రం మా ఇంటామె నాతో ఒక అట్ట మీద రాయించింది. గిన్నె తెచ్చుకోండి. రాశాక, ‘దయచేసి’ అని కూడా ఉంటే బాగుంటుంది అంది. పైన చోటు లేదు. కింద మూలలో చిన్నగా పెట్టాను.

మొదటి రోజులు చెప్పుకునేటట్టు లేవు. “ఏమప్పా, సాంబారు దోసిట్లో పోస్తావా?” అని ఒకడు. “గిన్నె తెచ్చుకునేటట్టయితే ఇంట్లోనే వండుకుంటాం కదా” అని ఇంకొకామె. బస్సు దిగి గబగబా వచ్చేవాళ్లు అట్ట చదివి, అంతే గబగబా బస్టాండు అవతల ఉన్న అంగడికి పోయేవాళ్లు. అక్కడ కవర్లు ఉన్నాయి. ఆ అంగడాయన ముడి సరిగ్గా వేయలేడు, సగం కారిపోతుంది. అయినా పోయారు. గిన్నెడు పప్పు మిగిలితే రాత్రికి మేం పప్పే తిన్నాం. తెల్లారి కూడా. “కవర్లు దించుదామా?” అని ఒక పూట అడిగాను. ఆమె కూర కలబెడుతూ “నిచ్చెన యాడుండాదో నాకు తెలీదు” అంది. నిచ్చెన ఆమె వెనకాలే గోడకు ఆనించి ఉంది.

మెల్లగా గిన్నెలు రావడం మొదలైంది. దగ్గరి ఇండ్లవాళ్లు, చర్చి వాళ్లు, మొహమాటానికి కొందరు. కుక్కరు తెచ్చినవాళ్లు ఉన్నారు. ఒకామె పిల్లోడి నీళ్ల సీసా తెచ్చి రసం పొయ్యమంది. నా పని మూతలు చూడటం. మూత సరిగ్గా పడుతుందో లేదో చూసి, పడకపోతే చెప్పడం. అది ఎంతసేపటి పని? చేతులు ఖాళీగా ఉండి నేను గిన్నెల మీద పేర్లు చదవడం మొదలుపెట్టాను.

స్టీలు సామాను కొంటే అంగట్లోనే మిషన్‌తో పేరు చెక్కిస్తారు కదా. ఫలానావారి గృహప్రవేశానికి ఫలానావారి కానుక. నేను చూసినంతలో కూరకొచ్చిన గిన్నె మీద ఆ తెచ్చిన మనిషి పేరు ఉండటం చాలా అరుదు. ఎవరి పెండ్లి బేసినో ఎవరింట్లోనో ఉంటుంది. నేను చదివి ఊరుకునేవాణ్ణి.

రోజూ సాయంత్రం వచ్చేవాళ్లలో ఒక రిటైరైన బస్సు కండక్టరు ఉన్నాడు. భార్య చనిపోయాక ఒక్కడే ఉంటాడు, మా వెనక వీధిలో. అందరూ కండక్టరు సారు అంటారు. అట్ట పెట్టినప్పుడు ఒక్క మాట కూడా అనకుండా మరుసటి రోజు గిన్నె తెచ్చింది ఆయన ఒక్కడే. మూత, పైన పట్టుకునే కమ్మీ ఉన్న చిన్న పాల క్యాను. తోమి తోమి అద్దంలాగా ఉంటుంది. దాన్ని నేల మీద పెట్టనివ్వడు. “మా ఇంటామెది. ఆమె వాడిన సామాన్లే వాడుకుంటాండా” అని ఒకసారి చెప్పాడు. సగం క్యాను సాంబారు పోయించుకొని, ఆకులో ఏదో ఒక కూర కట్టించుకొని పోయేవాడు.

ఒక సాయంత్రం ఆయన క్యానులో సాంబారు పోసి బల్ల మీద పెట్టాను. అప్పుడే పెద్దమ్మ పెరుగు ఇచ్చేదానికి వచ్చింది. పెరుగు గిన్నె దించుతూ ఆ క్యానును చూసింది. ఎత్తింది. సాంబారు ఒలక్కుండా తల వంచి అడుగు భాగం చూసింది.

“ఇది నాది” అంది.

కండక్టరు సారు వేరే కూరలు చూస్తున్నవాడు తిరిగాడు. “ఏమంటాండావు?”

“ఈ క్యాను నాది అంటాండా. అడుగున చూడు, రెండు అక్షరాలు. ఒకటి మా నాయనది, ఒకటి నాది. నా పెండ్లికి చెక్కిచ్చినాడు మా నాయన.”

“ఇది మా ఇంటామెది.”

“మీ ఇంటామె పేరు ఈ అక్షరంతో మొదలవుతుందా?”

ఆయన చూడలేదు. క్యాను కమ్మీ రెండో వైపు పట్టుకున్నాడు. “సచ్చిపోయిన మనిషి మీద దొంగతనం పెడతాండావా?”

“దొంగతనం అని నేను యాడన్యా? నాది అన్యా.”

ఇద్దరూ కమ్మీ వదల్లేదు. వెనక లైన్లో ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. సాంబారు అంచు దాకా ఊగుతోంది. నేను ఏదో చెప్పాలనుకున్నాను గానీ నాకు ఆ పనీ రాదు. మా ఇంటామె లోపల్నుంచి గరిటెతో వచ్చింది.

“ఇద్దరూ కింద పెట్టండి. చేతులు కాల్తాయి” అంది. పెట్టారు. “పెద్దమ్మా, నీదే అనుకుందాం. నీ దగ్గర్నుంచి యాడికి పోయింది?”

పెద్దమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. క్యాను వైపు చూసింది, కండక్టరు సారు వైపు చూసింది.

“కర్నూలు పెద్దాసుపత్రికి పోయింది” అంది చివరికి. గొంతు తగ్గించి. “ఈయన ఇంటామె ఆడ ఉన్నప్పుడు. మీ చర్చోళ్లు చూసేదానికి పోతాంటే జొన్న గంజి కాసి ఇచ్చి పంపిస్తి. క్యాను తిరిగి రాలేదు. అడిగే టయిం కాదని అడగలేదు. తర్వాత మర్చేపోయినా.”

కండక్టరు సారు కమ్మీ మీద మళ్లీ చెయ్యి వేశాడు, కానీ లాక్కోలేదు.

“ఆ గంజి నువ్వు పంపినావా?”

“తాగిందా?” అంది పెద్దమ్మ.

“తాగింది. ఆ వారంలో ఆమె కడుపులోకి పోయింది అదొకటే. చర్చోళ్లే చేసుకొచ్చినారనుకుంటి. సామాన్లతో పాటు ఇంటికొస్తే ఈ క్యాను ఆమెదే అనుకుంటి.”

“ఉప్పు ఎక్కువేసినానేమో అని నాకు శానా దినాలు అనుమానం.”

“లేదు. సరిపోయింది.”

ఆయన చెయ్యి తీసేసి, “తీసుకపో” అన్నాడు. ఆమె పెరుగు గిన్నె కోసం అటూ ఇటూ చూసింది. అది ముందే బల్ల మీద ఉంది. “సాంబారు ఉండాది కదా అందులో. పోయి తిను. రేపిద్దువులే” అని చెప్పి, పెరుగు డబ్బులు కూడా అడక్కుండా వెళ్లిపోయింది. నేను బల్ల తుడిచాను. అప్పటికే ఒకసారి తుడిచాను. లైన్లో చివర ఉన్నతను “అయిపోయిందా అప్పా? నాకు పప్పు” అన్నాడు.

మరుసటి రోజు కండక్టరు సారు సాయంత్రం కాకుండా మధ్యాహ్నమే వచ్చాడు. క్యాను ఇంకా ఎక్కువగా మెరుస్తోంది. “ఈరోజు ఏమి బాగుండాది?” అని మా ఇంటామెను అడిగాడు. గుత్తి వంకాయ అంది. నింపమన్నాడు. ఆయనకు అంత కూర ఎందుకో నాకు అర్థం కాక చూస్తున్నాను.

“ఖాళీ గిన్నె ఎట్లిచ్చేది?” అన్నాడు. “నాకు వంట రాదు కదా.”

మా వైపు పక్కింటి గిన్నె ఉత్తగా తిరిగి పంపరు. ఇంకేం లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేస్తారు. ఆయన క్యాను రెండు చేతులతో పట్టుకొని పక్క వాకిలికి పోయాడు. సాయంత్రం పెద్దమ్మ గోడ మీదనుంచి మా ఇంటామెతో “ఆయన వంకాయ కూర తెచ్చినాడు. బాగుండాది. మీదే” అంది. రెండు రోజులకు ఆ క్యాను మళ్లీ కండక్టరు సారు చేతిలో కనపడింది, పెరుగుతో. తర్వాత సాంబారుతో పక్కింటికి పోయింది. అది ఎవరిదో ఇప్పుడు తేల్చడం కష్టం. దాని గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకోగా మేం మళ్లీ వినలేదు.

కానీ ఆ రోజు లైన్లో ఉన్నవాళ్లు ఊరంతా చెప్పారు. మా అంగడికి పోతే పోయిన గిన్నెలు దొరుకుతాయని ఒక పేరు వచ్చింది. కొందరు కూర కోసం కాకుండా గిన్నెలు చూడటానికి వచ్చారు. వచ్చినవాళ్లు వాసనకు ఏదో ఒకటి కొన్నారు. ఒకరిద్దరికి నిజంగానే దొరికాయి. ఒక బేసిను దగ్గర మాత్రం వియ్యపురాండ్రు ఇద్దరు మాటలు మానేశారు, అది మా చేతుల్లో లేదు.

బస్సు ప్రయాణికుల సంగతి కూడా అట్లాగే తేలింది. మార్కెట్టు దారిలో పాత్రల అంగడి పెట్టుకున్న భాయ్ ఒకాయన ఈ కథ విని నన్ను పిలిచాడు. బీరువా కింద నుంచి దుమ్ము పట్టిన చిన్న క్యాన్లు బయటికి లాగాడు.

“పెండ్లిళ్లకు ఇవి ఎవరూ అడగడం లేదప్పా. అందరికీ ప్లాస్టిక్ డబ్బాలే కావాల. నువ్వు వాడుకో. గిన్నె లేనోళ్లకు ఇందులో పోసియ్యి.”

“తిరిగి రాకపోతే భాయ్?”

“నా అంగడి పేరు చెక్కిస్తా. యాడికి పోయినా నా పేరు పోతుంది కదా.”

తిరిగి తెప్పించే బాధ్యత కండక్టరు సారు తీసుకున్నాడు, మేం అడక్కుండానే. ఆయన ఎట్లాగూ పొద్దుపోయే వేళకు బస్టాండులోనే కూర్చుంటాడు. అన్ని బస్సుల కండక్టర్లూ ఆయనకు తెలుసు. ప్రయాణికులు వాళ్ల ఊరి స్టాపులో క్యాను ఇస్తే, డ్రైవరు పక్కన పెట్టుకొని తెచ్చేటట్టు మాట్లాడాడు. నంద్యాల నుంచి, జమ్మలమడుగు నుంచి ఖాళీ క్యాన్లు బస్సు ఎక్కి వస్తున్నాయి. అన్నీ ఖాళీవి కావు. కోడుమూరు వైపు నుంచి ఒకదాంట్లో ఉల్లిగడ్డలు వచ్చాయి, ఇంకోదాంట్లో చింతపండు. ఎవరు పంపారో తెలీదు. మా ఇంటామె వాటిని వాడేసింది. బస్టాండు అవతలి అంగడికి ఇప్పటికీ మాకంటే ఎక్కువ మంది పోతారు. మాకు వచ్చేవాళ్లు మాకు సరిపోతారు. క్యాన్లు తోమేది నేను. మూత లోపలి గాడిలో పసుపు దిగకుండా తోమడం ఈ వీధిలో ఇంకెవరికీ రాదని మా ఇంటామే అంది.

పోయినవి పోయాయి. మొన్న పని మీద కడపకు పోయి, బస్టాండు బయట ఒక బండి దగ్గర టీ తాగాను. బండాయన ఒక క్యానులోనుంచి బిస్కెట్లు తీసి ఇస్తున్నాడు. చూస్తే దాని మీద భాయ్ అంగడి పేరు. రెండో టీ తాగి బస్సెక్కాను. ఇంటికొచ్చి చెప్పాను.

“టీ బాగుండిందా?” అంది మా ఇంటామె.

“బాగుండింది.”

“మూత ఉందా దానికి?”

“ఉంది.”

“అయితే ఉండనీలే” అని, రేపటికి కందిపప్పు నానబెట్టేదానికి లోపలికి పోయింది.